పాప ఎడమ చెయ్యి

మా పాపకు తినిపించడం నాకు రాదు. అవసరం పడలేదు. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి దాని తిండి అదే తినేది. మెత్తగా ఉడికించిన క్యారెట్, వేలంత ఇడ్లీ ముక్క, అరటిపండు దాని ముందు పెట్టి నేను ఎదురుగా ఊరికే కూర్చునేదాన్ని. సగం నేలపాలు, కొంత జుట్టుపాలు, మిగిలింది కడుపులోకి. దీనికి బేబీ లెడ్ వీనింగ్ అని పెద్ద పేరుంది. మా ఆయన మాత్రం ఇల్లు పాడుచేసే చదువు అనేవాడు. తుడిచేది నేను కాబట్టి ఆయనకు నవ్వొచ్చేది.

పాపకు ముందు లేచేది ఎడమ చెయ్యే. కుడి పక్కన పెట్టిన ముక్కను కూడా ఒళ్లంతా వంచి ఎడమ చేత్తోనే అందుకునేది. అది చూడటం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

సెలవు అయిపోయి మళ్లీ కార్ఖానా ఏరియాలో ఉన్న ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. పొద్దున పాపను పద్మారావు నగర్‌లో మా అత్తమ్మ దగ్గర వదిలి, ముక్కల డబ్బా చేతికిచ్చి, ముందు పెడితే తనే తింటుందని చెప్పాను.

"గొంతుల ఇరుక్కుంటే ఎట్ల బిడ్డా?" అంది. పక్కన కూర్చుని చూపించాను. క్యారెట్ ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసుకుంది. "సరే, నువ్వు చెప్పినట్లే పెడతా. పరేషాన్ గాకు."

సాయంత్రం వెళ్తే డబ్బా ఖాళీ. గౌను మీద మరక లేదు, గచ్చు మీద మెతుకు లేదు. పాప ఎంత నేర్చేసుకుందో అని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను.

ఒక ఆదివారం ఇంట్లో ముక్కలు పెట్టి ఎప్పటిలాగే కూర్చున్నాను. పాప ముట్టుకోలేదు. నా వైపు చూసి నోరు తెరిచింది. కాసేపటికి ఎడమ చెయ్యి క్యారెట్ వైపు కొంచెం కదిలింది, ఆగింది, వెనక్కి వెళ్లి తొడ కిందికి దూరింది. నేను చెయ్యి బయటికి తీసి క్యారెట్ పెడితే, దాన్ని వదిలేసి మళ్లీ చేతి మీద కూర్చుంది. నాకు భయమేసింది.

మర్నాడు మధ్యాహ్నమే ఆఫీసు నుంచి అత్తమ్మ ఇంటికి వెళ్లాను. అత్తమ్మ మాట తప్పలేదు. పళ్లెంలో ముక్కలు నేను చెప్పినట్లే పేర్చి ఉన్నాయి. కాకపోతే పాప ఎడమ చెయ్యి లేచినప్పుడల్లా ఆ చేతిని పట్టుకుని తొడ కింద నొక్కి ఉంచుతోంది. "గా చెయ్యి కాదు తల్లీ, గీ చెయ్యి." కుడి చేతిలోంచి ముక్క జారిపోతోంది. చివరికి పాప చేతులు ముడుచుకుంటే, ఆమె ముక్కలన్నీ అన్నంలో పిసికి నోట్లో పెట్టింది. కసురుకోలేదు. నేనెప్పుడూ పాపతో అంత ఓపిగ్గా మాట్లాడలేదు.

"అత్తమ్మా, ఆ చెయ్యి వదిలేయండి," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"రేపు పెండ్లి బంతిల కూసుంటే నలుగురు ఏమంటరు బిడ్డా? ఆడపిల్ల." తన ఎడమ మణికట్టు మీది మచ్చ చూపించింది. "నాకు సుత గీ చెయ్యే ముందుకొస్తుండె. మా అమ్మ వాత పెట్టింది. నేను గట్ల చేస్తనా? మెల్లగ మానిపిస్తున్న."

ఆ మచ్చను ఎన్నోసార్లు చూశాను. పొయ్యి దగ్గర కాలిందేమో అనుకునేదాన్ని. ఆమెతో తెంచుకుంటే రేపు పాపను ఎక్కడ వదలను? అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాను. ఆమె మీద జాలి, పళ్లు కొరుక్కునేంత కోపం, రెండూ ఒకేసారి కలిగాయి.

ఏ చేత్తో తిన్నా తిననివ్వమని బతిమాలాను. "నీ బిడ్డ, నీ ఇష్టం," అని పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోలేదని నమ్ముతున్నాను. ఇప్పుడు పాప డబ్బా సగం మిగిలే వస్తుంది.

నిన్న సాయంత్రం ఇంట్లో పాప చాప మీద ఒక్కతే ఆడుకుంటోంది. పక్కన బిస్కెట్ ముక్క ఉంది. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. అటూ ఇటూ చూసి ఎడమ చేత్తో తీసుకుంది, నోటి దాకా తెచ్చింది. సంతోషం పట్టలేక నేనొక అడుగు ముందుకు వేశాను.

పాప తలెత్తి నన్ను చూసింది. బిస్కెట్ కింద పడేసి, చెయ్యి దాచేసుకుంది.