జాకెట్ లోపల నా తువ్వాల

ఆ వేసవిలో ఇటిక్యాల దారిలో గద్వాల బస్సు కోసం సోడా బండి పక్కన నిలబడ్డాను. ఒకతను మోటార్‌సైకిల్ ఆపి సోడా అడిగాడు. ఒంటిమీద బూడిదరంగు జాకెట్.

“గీ ఎండల స్వెటరేంది బిడ్డా, సలి పెడ్తుందా?” అని సోడా అమ్మే అవ్వ నవ్వింది.

“స్వెటర్ కాదవ్వా, మెష్ జాకెట్. జాలీ లెక్క ఉంటది, గాలి లోపలికి పోతది. కింద పడితే దెబ్బ తగలకుండ భుజాలకు మెత్తలుంటయి” అన్నాను.

వనపర్తి లైబ్రరీలో పత్రికలన్నీ తిరగేసి రిపేరులో ఉన్న నా పాత బండి మీద తొడుక్కోవడానికి నేను ఎంచుకున్నది సరిగ్గా అదే, ఆ రంగే. ఇతను అప్పుడే తొడుక్కుని తిరుగుతున్నాడు. నా కడుపు మండింది.

“మస్తు తెల్సే అన్నా నీకు! నాకైతే ఇంకా ఉక్క పోస్తనే ఉంది” అన్నాడతను.

“లోపల తడిబట్ట ఉండాలె. గాలి తగిలితే సల్లబడ్తది.” ఇదీ చదివిందే.

“బట్ట యాడ తేవాలె?”

గొప్పకు పోయి నా భుజం మీది తువ్వాలను అవ్వ కుండనీళ్లలో తడిపి ఇచ్చాను. ఛాతీ మీద పరుచుకుని, జిప్పు పైకి లాగి గద్వాల వైపు బయలుదేరాడు. కొంచెం దూరం పోయాక, “సల్లగుందన్నా!” అని కేకేశాడు.

బస్సెక్కాక చెమట తుడుచుకుందామని భుజం తడుముకున్నాను. నా తువ్వాల నాకంటే ముందే, చల్లగా, ఆ జాకెట్‌లో గద్వాల పోతోంది.