బొట్టు పెట్టిన తుపాకి

పోయిన నెల మా అమ్మాయి బలవంతం మీద సైన్యం వాళ్ళ మ్యూజియం చూడడానికి వెళ్ళాను. టిక్కెట్టు లేదన్నారు. ఊరికే చూపిస్తామంటే ఏదో మెలిక ఉండే తీరుతుందని నా నమ్మకం, అందుకని గుమ్మం దగ్గరి బోర్డు రెండుసార్లు చదివాకే లోపల అడుగు పెట్టాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది, మీలో చాలామందికీ ఉండే ఉంటుంది, ఒప్పుకోరు అంతే. లోపల ఒక అద్దాల బీరువాలో, గోడకి ఆనించి, మా కాలపు ఎస్‌ఎల్‌ఆర్ తుపాకి నిలబెట్టి ఉంది. దాన్ని చూస్తూనే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఇరవై రెండేళ్ళ వయసులో నేను బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గర రబ్బరు ఎస్టేటు ఆఫీసులో పనిచేస్తూ, శని ఆదివారాల్లో పార్ట్‌టైమ్ సిపాయిగా కవాతుకి వెళ్ళేవాణ్ణి. మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, నాతోపాటే చేరాడు. మా చెల్లిని ఆ బావకే ఇవ్వాలని ఇంట్లో మాట అయిపోయింది కూడా. ఇద్దరికీ చెరో తుపాకి ఇచ్చారు. అబ్బో, ఏం బరువు! నిలబెడితే ఛాతీ దాకా వచ్చేది, పేలిస్తే దవడ కమిలిపోయేది. ట్రిగ్గర్ నొక్కితే ఒక్క తూటాయే పేలుతుంది గానీ, ఆ పేలుడులో పుట్టిన గాలిని కొంచెం పైగొట్టంలోకి మళ్ళించుకుని, ఆ తోపుతోనే ఖాళీ తొడుగుని విసిరేసి, తరవాతి తూటాని తనే ఎక్కించుకుంటుంది. కిటుకంతా ఆ గొట్టం ముందుకొసన ఉండే బొటనవేలంత మూతలో ఉంది. విప్పేటప్పుడు ఏమరితే స్ప్రింగు తోపుకి ఎగిరి మొహాన కొట్టేది. పైవైపున అక్షరాలు చెక్కి ఉండేవి. అక్షరాలు పైకి ఉండేలా బిగిస్తే తుపాకి బుద్ధిగా పనిచేస్తుంది, తలకిందులుగా బిగిస్తే గాలికి దారి మూసుకుపోయి, ప్రతి తూటాకీ ఎడమపక్క పిడిని మనమే లాగాలి. గ్రెనేడ్ వెయ్యాల్సినప్పుడు కావాలనే అలా బిగిస్తారని చెప్పేవారు.

ఆ ఏడాది ఆయుధపూజ మర్నాడే గురిపరీక్ష వచ్చింది. నెగ్గిన ఒక్కరికే సైన్యంలో పర్మనెంటు ఉద్యోగం. రబ్బరుచెట్లు గీసే పాలకత్తులకి, గునపాలకి బొట్లు పెట్టే మనవాళ్ళం తుపాకుల్ని వదులుతామా! మలాయి సార్జెంటుని బతిమాలితే సాయంత్రం ఒక గంట ఒప్పుకున్నాడు. బావ తుపాకులన్నీ స్టోరు గోడకి వరసగా ఆనించి, ఒక్కొక్క భాగానికీ పసుపూ కుంకుమా పెట్టాడు. నేను కొబ్బరికాయలు తేవడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి అక్కడ అతనొక్కడే ఉన్నాడు. తెల్లారి నా తుపాకిని గబగబా విప్పి, తుడిచి, బిగించుకుని పరీక్షకి పరిగెత్తాను.

మొదటి తూటా పేలింది. రెండోదానికి ట్రిగ్గర్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిడి లాక్కుంటూ ఒక్కొక్కటే కాలుస్తుంటే గడువు కాస్తా అయిపోయింది. సార్జెంటు వచ్చి చూసి, మూత తలకిందులుగా ఉంది, ఎవరు తిప్పారని అడిగాడు. నేను తిన్నగా బావ వైపు వేలు చూపించాను. కడుపులో విషం పెట్టుకుని కుంకుమ పెట్టావురా అని అందరి ముందూ అరిచాను. అతను నా తుపాకి కేసి చూశాడు, నా కేసి చూశాడు, నోరు మెదపలేదు. తప్పు చేసినవాడే మాట్లాడడని నేను తీర్మానించేసుకున్నాను. ఉద్యోగం అతనికే వచ్చింది, దాంతో నా అనుమానానికి ముద్ర పడిపోయింది. ఇలాంటి దగాకోరుకి చెల్లినిస్తే నేను గడప దాటి వెళ్ళిపోతానని ఇంట్లో భీష్మించుకు కూర్చున్నాను. అమ్మ ఏడ్చింది. చెల్లి నన్ను ఒక్కమాటా అడగలేదు. ఏడాది తిరక్కుండా దాన్ని ఇపో ఊళ్ళో సంబంధానికి ఇచ్చి పంపేశాం.

నలభై ఏళ్ళకి పైగా, బావ వస్తాడని తెలిసిన పెళ్ళికి నేను వెళ్ళలేదు. ఇప్పుడు మ్యూజియం అద్దంలోకి చూస్తే ఆ తుపాకి గురిచూసే పైవైపు గోడకి ఆని ఉంది, అడుగువైపు నాకేసి ఉంది. బావ ఆ సాయంత్రం సరిగ్గా అలాగే నిలబెట్టాడు. అంటే మూతకి పెట్టిన బొట్టు అడుగువైపునే పడుతుంది! తెల్లారి తుడిచాక కూడా మూత మీద ఎర్రటి మరక మిగిలిపోవడం నాకు గుర్తుంది. బొట్టున్న వైపు పైకే కదా ఉండాలి, పుట్టిన దగ్గర్నుంచీ చూసింది అదే కదా. అక్షరాలు చూసుకోకుండా, బొట్టుని చూసుకుని, నా చేత్తో నేనే తలకిందులుగా బిగించుకున్నాను. ఛీ, నా బతుకు! మా అమ్మాయి ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి నీళ్ళసీసా చేతికిచ్చింది.

మరుసటి వారం హుటాన్ మెలింటాంగ్ వెళ్ళాను. సైన్యం నుంచి రిటైరయ్యాక బావ అక్కడ చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. చెప్పాల్సింది నిలబడే చెప్పేశాను. చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

“నాకు ఆ పొద్దే తెల్సురా బామ్మర్దీ. మూతకి పైపక్కన ఎర్రగా అవుపడినాది.”

మరి చెప్పలేదేమని అడిగాను.

“నువ్వు అడిగినావేటి? దొంగన్నావు గానీ అడగనేదు. ఇడిసీ లా. నీ సెల్లి కులాసాగా ఉన్నాదా?”

ఉందన్నాను.

తిరుగుదారిలో, నా బుద్ధి ఎక్కడికి పోతుంది, బావకి నిజంగా ఆనాడే తెలుసా, లేక నన్ను ఏడిపించడానికి ఇప్పుడు అంటున్నాడా అని మళ్ళీ అనుమానం పడ్డాను. ఇప్పటి పిల్లలు కోపమొస్తే ఫోనులో నాలుగూ అనేసుకుని సాయంత్రానికి కలిసి తమిళ ముస్లిముల మమక్ కొట్లో టీ తాగుతున్నారు. ఒక్కమాట అడగడానికి మనకేమిటో అంత నామోషీ! చెల్లికి మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఇపో బస్సు ఎక్కుదామని రెండుసార్లు బయల్దేరి వెనక్కొచ్చాను. అది నమ్మదేమోనని కాదు. అన్నయ్యా, నాకూ ఆనాడే తెలుసు అంటుందేమోనని.