ముందల బత్తి వేసుకుని నాగర్‌కర్నూలు దాకా

మా అన్నయ్య శేషగిరి తెనాలి నుంచి వెళ్ళి గద్వాలలో జీపు నడుపుకుంటూ పదేళ్ళు బతికాడు. అక్కడే గుండెపోటుతో పోతే, మనిషిని తెనాలికే తీసుకొచ్చారు. పిల్లల చదువుల కోసం వదిన తెనాలిలోనే ఉండిపోయింది కాబట్టి ఆ ఊళ్ళను ఎన్నడూ చూడలేదు. జీపును నాగర్‌కర్నూలు ఆయన ఒకరు కొన్నారు, బేరమంతా ఫోన్లలోనే తెగిపోయింది. ఇక వెళ్ళాల్సిన పనేమీ లేదు. అయినా వదిన, "ఆ బండిని ఒక్కసారి కళ్ళారా చూసి నా చేత్తో అప్పగిస్తాను, తీసుకెళ్ళవయ్యా" అంది. రెండు వేల ఆరులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో బయల్దేరాం.

రాత్రికి గుంటూరులో బస్సెక్కి తెల్లవారి కర్నూలులో దిగాం. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నాదొక సలహా. కిటికీ పక్క సీటు కోసం ఎగబడకండి, అద్దం మూతపడదు. నా నడుమూ మెడా రెండూ పట్టేశాయి. కర్నూలు నుంచి గద్వాలకు పొద్దున్నే రైలుంది. తుంగభద్ర వంతెన దాటుతుంటే వదిన అన్నయ్య మాటలు తల్చుకుంది.

అన్నయ్య ఇంటికి వచ్చినప్పుడల్లా భాష మార్చుకుని వచ్చేవాడు. హెడ్‌లైటును ముందల బత్తి అనేవాడు. వెనక ఎర్రలైటు లాల్ బత్తి, ఇండికేటరు ఇషారా. "లైటు అనడానికి నోరు తిరగదా మీకు?" అని వదిన దెప్పేది. ఆయన ఆమెను ఉడికించడానికి ఆ మాటలే ఇంకో నాలుగుసార్లు అనేవాడు. ఇదంతా చెప్పి వదిన నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

గద్వాల స్టేషన్‌కు ఖాజా వచ్చాడు. అన్నయ్య జీపు నిలిపే అడ్డాలోనే బండి నడిపే స్నేహితుడు. ఉగ్గాని, బజ్జీలు తినిపించి అడ్డా దగ్గరికి తీసుకెళ్ళాడు. కడిగి తుడిచిన జీపుకు బంతిపూల దండ వేసి ఉంది. వదిన బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయింది. చుట్టూ ఉన్న డ్రైవర్లు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు.

ఖాజా ఇంజన్ తిప్పి, పట్టపగలు హెడ్‌లైట్లు వేశాడు. "పొద్దున్నే ఎందుకు?" అన్నాను.

"మా అడ్డల గిది రివాజు అన్నా. డ్రైవర్ పోతే, ఆయన బండి అడ్డ ఇడిసిపోయే దినం ముందల బత్తి ఏస్కొనే పోవాలె. అప్పజెప్పే జాగ దాక బంద్ చెయ్యొద్దు. తెలిసినోళ్ళు ఎదురైతే ఆళ్ళు గూడ బత్తి ఏస్తరు."

వదిన ముందు సీట్లో కూర్చుంది. "అయితే అక్కడిదాకా ఆరకూడదు" అంది. అప్పటి నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేదు.

పగలు లైట్లతో వెళ్ళే బండిని మన జనం ఊరుకోరు కదా. ప్రతివాడూ వేళ్ళు మూసి తెరిచి సైగ చెయ్యడమే. ఊరు దాటకముందే ఉల్లిగడ్డల బండాయన "ఓ భాయ్, బత్తి ఎలుగుతున్నది!" అని కేకేశాడు. కొంచెం ముందుకు పోగానే ట్రాక్టరు మీది ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. రాయచూరు వైపు మనిషి కాబోలు, "దీప ఆర్సప్పా, దీప!" అన్నాడు. దీపం ఆర్పమన్న మాటకు వదిన ఉలిక్కిపడింది. మన ఇళ్ళల్లో ఆ మాట అనరు. ఖాజా దణ్ణం పెట్టి బండి పోనిచ్చాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద ఎదురుగా వస్తున్న జీపు ఒకటి లైట్లు వేసింది. దాని వెనక లారీ కూడా వేసింది. లారీ డ్రైవరు పక్కకు వస్తూ తల బయటికి పెట్టి, "శేషన్న బండేనా? ఎంత మంచోడు పాయె!" అన్నాడు. అంతే, బండ్లు దాటిపోయాయి. వదిన వెనక్కి తిరిగి ఆ లారీనే చూస్తూ, "ఈయన్ని ఇంతమంది ఎరుగుదురా?" అంది. ఆ ఊళ్ళలో ఆయన ఒంటరిగా ఉన్నాడని మేమంతా జాలిపడేవాళ్ళం.

పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంజన్ ఆపితే బ్యాటరీ తట్టుకోదని ఖాజా బండి దిగలేదు. ఆ గుడగుడల మధ్యే సాసర్లో పోసుకుని టీ తాగాం. నా చొక్కా కూడా కొంచెం తాగింది. అక్కడ లైటు పేరు మారింది. టీకొట్టాయన, "బుగ్గలు ఎలుగుతున్నయ్ సార్, బంద్ చేస్కోరాదుండ్రి" అన్నాడు. సంగతి చెబితే టీ డబ్బులు తీసుకోలేదు.

గోపాల్‌పేట దాటాక చిన్న ఎత్తు మీద ఇంజన్ ఆగిపోయింది. ఖాజా ఎంత తిప్పినా గురక తప్ప పలుకు లేదు. లైట్ల పసుపు పలచబడుతోంది. వదిన కిందికి దూకి బండి ముందుకెళ్ళి వాటినే చూస్తూ నిలబడింది. పొలం నుంచి నలుగురు రైతులు వచ్చారు. "డూములు బంద్ చెయ్యుండ్రి, స్టార్ట్ అయితది" అన్నాడు పెద్దాయన. అక్కడ అది డూము అన్నమాట. మాట సబబే. నేనూ "ఒక్క నిమిషం తీసేద్దాం వదినా" అన్నాను.

"వద్దయ్యా. అక్కడిదాకా ఉండనీ. ఆయన పోయేటప్పుడు పక్కన లేను. దీని పక్కనన్నా ఉండనీ నన్ను."

ఖాజా కిందికి చూస్తూ రైతులకు రెండు మాటల్లో చెప్పాడు. పెద్దాయన తలపాగా బిగించి, "గట్లయితే దొబ్బుదాం పాండ్రి" అన్నాడు. వాళ్ళతో పాటు నేనూ తోశాను. వదిన కూడా వచ్చి చెయ్యి వేసింది. ఎత్తు ఎక్కి దిగుడులో పడగానే ఇంజన్ అందుకుంది, లైట్లు మళ్ళీ తెల్లబడ్డాయి. వదిన రోడ్డు మీదే ఏడ్చేసింది.

నాగర్‌కర్నూలు చేరేసరికి ఎండ చల్లబడింది. కొన్నాయన గేటు దగ్గరే ఉన్నాడు. ఖాజా ఇంజన్ ఆపకుండా లైట్ల మీట చూపించాడు. "లోపలికి ఒత్తాలె భాబీ. ఇంటోళ్ళే బంద్ చెయ్యాలె."

వదిన మీట మీద వేలు పెట్టింది, ఒత్తలేకపోయింది. ఆ మీట నల్లరంగు అన్నయ్య వేళ్ళకు అరిగి తెల్లగా తేలి ఉంది. కొన్నాయన, "నీ ఇష్టమమ్మా, జర సేపు కూసో, తొందరేం లేదు" అని తనే లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె అలాగే కూర్చుంది. కాసేపటికి ఒత్తింది. ఎదురుగా గేటు మీద పడుతున్న వెలుగు పోయింది. ఖాజా మొహం కడుక్కుంటానని కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

కల్వకుర్తి బస్సు సాయంత్రం దొరికింది. అక్కడ ఇంకో బస్సు మారితే గుంటూరు. ఇన్ని ఊళ్ళు తిరిగి నేను చూసిందేమిటంటే, ఒక్కో చోట ఒక్కో పేరుతో మా లైటు ఆర్పమన్నవాళ్ళే, సంగతి తెలిశాక దాన్ని ఆరనివ్వలేదు. అన్నయ్య మంచి చోటే బతికాడు. అది ముందే తెలిసుంటే ఆయన్ని చూసిపోవడానికి ఒక్కసారైనా వచ్చేవాళ్ళం.

ఊరు దాటాక చీకటి పడుతుంటే డ్రైవరు లైట్లు వేశాడు. నేను కునుకు తీస్తున్నాననుకుందేమో, వదిన కిటికీ వైపు తిరిగి, ఎన్నాళ్ళుగానో దెప్పిన ఆ మాటను నెమ్మదిగా పలికింది.

"ముందల బత్తి ఏసిండు."