శని కోసం ఆపిన జనరేటర్

మా ఆయన సత్యప్రసాద్‌కి కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచి రొయ్యల చెరువు చూసొస్తాడు. అలాంటి మనిషికి టెలిస్కోపు పిచ్చి పట్టింది! ఆన్‌లైన్లో తెప్పించిన చిన్న గొట్టం, కన్ను పెట్టే చోట రబ్బరు బ్యాండుతో కట్టిన ఫోను. చంద్రుడు బాగానే పడ్డాడు. ఆ గుంటలూ గుట్టలూ చూసి మొగల్తూరులో చుట్టాలంతా మెచ్చుకున్నారు. శని మాత్రం ఎన్నిసార్లు తీసినా అలికేసిన పసుపు బొట్టే. "చుట్టూ వలయం కనపడాలే" అంటూ నా ప్రాణం తోడేసేవాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఎండ లేని రోజు చెరువు నీళ్లలో గాలి తగ్గిపోయి రొయ్యకి ఊపిరాడదు. వారంలో పట్టుబడి, రొయ్య తీసి అమ్మెయ్యాలి. మా ఆశలన్నీ ఆ పంట మీదే. సాయంత్రం కరెంటు కూడా పోయింది. నీళ్లు చిలికే ఏరియేటర్లు షెడ్డులోని జనరేటర్ మీద తిరుగుతున్నాయి. "నేను చూసుకుంటాలేవే" అని ఆయన చెరువు దగ్గరికి వెళ్లాడు. చీకటి పడేసరికి వాన వెలిసి ఆకాశం కడిగినట్టు తేటపడింది. ఆ గొట్టం షెడ్డులోనే ఉందాయె, నాకు గుబులు మొదలైంది.

తాలింపు వేస్తుంటే చెరువు చప్పుడు ఆగిపోయింది. డీజిల్ పోస్తున్నాడేమో అనుకున్నాను. ఎంతకీ మళ్లీ మొదలవదే! స్టవ్ కట్టేసి, చెప్పులైనా లేకుండా బురదలో పరుగెత్తాను.

షెడ్డు శ్లాబు మీద టెలిస్కోపుకి కట్టిన ఫోను ముందు కూర్చున్నాడు. పెళ్లయ్యాక ఆ మనిషి అంత కదలకుండా ఉండగా చూడడం అదే మొదలు.

"ఏవండీ! జనరేటర్ ఎందుకాగింది?"

"నేనే ఆపానే. శ్లాబు అదిరి ఫోటో చెదిరిపోతోంది. గట్టు మీద పెడదామంటే అంతా బురద. ఐదు నిమిషాలే కదా అని..."

"మీ శని పాడుగాను! చెరువు చూడండి!"

టార్చి వేస్తే అంచు పొడవునా రొయ్యలు పైకొచ్చి తేలుతున్నాయి. ఆయన ఒక్క గెంతున కిందికి దిగాడు. జనరేటర్ మొండికేసింది. ఆయన దాంతో తంటాలు పడుతుంటే నేను నడుములోతు నీళ్లలోకి దిగి, చేతికందిన బేసినుతో నీళ్లు కొడుతూనే ఉన్నాను. ఏడుస్తూ, తిడుతూ కొట్టాను. అది స్టార్టయ్యేసరికి నా భుజాలు పడిపోయాయి.

తెల్లారి చూస్తే సగం పంట పోయింది. ఆయన గట్టు మీద కూలబడి ఫోను నా ఒళ్లో పడేశాడు.

"అన్నీ తీసిపారెయ్యవే. నాకు చేతులు రావట్లేదు."

ఒక్కొక్కటే చూశాను. జనరేటర్ ఆపాక తీసిన మొట్టమొదటి దాంట్లోనే వలయం ఉంది, సన్నగా, శుభ్రంగా. ఆ తర్వాతవన్నీ అచ్చం అలాంటివే, జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"మొదటిదాంట్లోనే పడిందిగా అండీ. అప్పుడే జనరేటర్ వేసెయ్యొచ్చుగా?"



"ఇంకా బాగా వస్తుందేమోనని..." అన్నాడు చెరువు వంక చూస్తూ.

ఆ మాటతో నాకు తిట్టే ఓపిక కూడా పోయింది. ఆయన పక్కనే కూలబడి బావురుమన్నాను.