వాటాదారుల సమావేశానికి ఖాళీ గంపలు

ఆ రోజుల్లో పెద్ద కంపెనీలకు కొత్తగా ఒక పని వచ్చిపడింది. అంతవరకూ ఏడాదికి లాభమెంతో నష్టమెంతో చెప్పేసి ఊరుకునేవారు. ఇకమీదట అలా కుదరదు, షేర్ మార్కెట్లో పేరున్న ప్రతి కంపెనీ చుట్టుపక్కల ఊళ్ళకు ఏం చేసిందో, ఎన్ని నీళ్ళు వాడి ఎన్ని బయటికి వదిలిందో, జనం ఏమని ఫిర్యాదు చేశారో కూడా వార్షిక నివేదికలో అచ్చువేసి చూపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ కబురు విని కంపెనీలు తల పట్టుకున్నాయి గానీ, నాకు మాత్రం పెళ్ళివారి కబురంత తీపిగా వినిపించింది. నేను ఇంటర్ తప్పినవాణ్ణి (ఒక్క ఇంగ్లీషే లెండి, దాని ఫలితం కాసేపట్లో మీకే తెలుస్తుంది). నెట్ సెంటర్లో గంటల లెక్కన కూర్చుని ఎక్సెల్ సొంతంగా నేర్చుకున్నాను. అంకెలు కనబడితే కూడకుండా ఉండలేను, కూడితే రెండోసారి సరిచూడకుండా నిద్రపోలేను. ఆ ఒక్క గుణం చూసే ద్రాక్షారామం దాటాక ఉన్న ఒక స్టార్చ్ ఫ్యాక్టరీవాళ్ళు నన్ను తాత్కాలికంగా చేర్చుకుని, ఈ కొత్త నివేదికకు అంకెలు పోగుచేసే పని అప్పగించారు.

మా మేనేజరుగారిని వెనకాల అందరం సున్నాగారు అనేవాళ్ళం. ప్రమాదాలు సున్నా, తనిఖీ లోపాలు సున్నా, ఫిర్యాదులు సున్నా. నివేదికలో ఏ గడిలోనైనా సున్నా కనబడితేనే ఆయన ప్రాణం కుదుటపడేది. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచారు. "ఏమయ్యా, మన రిపోర్టులో రాసేవి నిజమో కాదో చూడ్డానికి బొంబాయి నించి ఒక మేడంగారు వస్తున్నారు. ఆవిడ ముందర స్టేక్‌హోల్డర్ల మీటింగ్ పెట్టాలిట. ఊళ్ళోంచి ఓ నలుగుర్ని పిలు. అంతా బాగుందనిపించు. ఫిర్యాదులు సున్నా అని రాయించు. సవ్యంగా జరిగిందా, నీ పర్మినెంటు కాగితం మీద సంతకం పెట్టేస్తాను. లేదా..." అని ఆపేశారు. ఆ 'లేదా' తర్వాత ఏముందో తేల్చుకోవడానికి నాకు ఎక్సెల్ అవసరం పడలేదు. సామర్లకోటలో అప్పటికే నాకో సంబంధం చూశారు. అమ్మాయి నాన్నగారు జాతకం అడగలేదు, గోత్రం అడగలేదు, "పర్మినెంటేనా అబ్బాయ్?" అని మాత్రం అడిగారు.

సరే, పిలవాలి. ఏమని పిలవాలి? షేర్‌హోల్డర్ అంటే వాటాదారు అని నాకు తెలుసు. స్టేక్‌హోల్డర్ కూడా హోల్డరే కాబట్టి అతనికి తమ్ముడో, బాబాయి కొడుకో అయి ఉంటాడని నిర్ధారించుకున్నాను (కంపెనీ చేసే పనుల మంచిచెడ్డలు తగిలే చుట్టుపక్కల జనాన్ని అలా అంటారని తర్వాతెప్పుడో తెలిసింది). ఆటోకి మైకు కట్టించి, ఫ్యాక్టరీ వెనక మురుగు కాలవ పక్కనున్న చేపలవాళ్ళ పేటలో నా సొంత గొంతుతోనే చాటించాను. "మన ఫ్యాక్టరీ వాటాదారులందరికీ మనవి. రేపు ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర వాటాదారుల సమావేశం. అందరూ తప్పక రావాలి!" ఆ పేటవాళ్ళకు షేర్ మార్కెట్ సంగతి తెలియకపోవచ్చు గానీ, వాటా అంటే ఏంటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. గోదావరి పాయలో వేట ముగించుకుని పడవ ఒడ్డుకు రాగానే పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా వేసి పంచుకుంటారు. వాటా వేసే చోటికి ఎవరి గంప వాళ్ళు తెచ్చుకోవడం ఆనవాయితీ. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

పొద్దున్నే వాచ్‌మన్ ఫోను చేశాడు. "సార్, జనం వచ్చేరండి. గంపలతో వచ్చేరండి!" పరుగెత్తాను. గేటు ముందు పేటంతా ఉంది. అందరి చంకలోనూ ఖాళీ గంప. అందరికన్నా ముందు, పేటంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ కొంగు దోపుకుని నిలబడి ఉంది.

"ఏం బాబూ, వాటా ఎప్పుడేస్తారు? ఎండెక్కకముందే అయితే బజారు చూసుకుంటాం."

"వాటా ఏంటి పెద్దక్కా?"

"అయ్యో, మైకులో మీరే కదండీ అరిచేరు! గొంతు గుర్తుపట్టలేమనుకున్నారా?"

వెనకనుంచి ఒక పెద్దాయన తీర్పు చెప్పేశాడు. "పడవ వాటా కంపెనీదే, ఒప్పుకున్నాం. కాలవ మాది కాబట్టి వల వాటా మాకు రావాలండి." పక్కనున్న కుర్రాడు, "కంపెనీ వేటకెప్పుడెళ్ళింది మావా?" అన్నాడు. "ఆ పొగగొట్టం చూడరా, లాంచీలా పొగేసుకుంటా రోజూ వెళ్తానే ఉంది!" అన్నాడాయన.

సున్నాగారు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "ఈ గంపలేంటయ్యా?" అని నా చెవిలో బుస కొట్టేలోపే మేడంగారి కారు లోపలికొచ్చింది. ఆవిడ దిగి, వరసగా గంపలు చూసి మురిసిపోయి ఫోను తీసి ఫొటోలు కొట్టారు. ఇది మీ ఆచారమా అని ఇంగ్లీషులో అడిగారు. "యస్ మేడం, ట్రెడిషన్ మేడం! లోకల్ వెల్‌కమ్!" అన్నారు సున్నాగారు రెప్ప వేయకుండా.

షామియానా కింద అందరూ కూర్చున్నారు. ఇంక దాచి లాభం లేదని నేనే లేచి, "పెద్దక్కా, వాటా ఏమీ లేదు. నేను మాట తప్పు వాడాను. ఊరికే మాట్లాడదామని పిలిచాం" అన్నాను.

"ఊరికే మాట్లాడ్డానికా?"

"ఆయ్, ఊరికేనండి."

"ఆ ముక్క మైకులో చెప్పుంటే ఒక్కరూ వచ్చేవారు కాదు కదండీ!" అంది. షామియానా అంతా నవ్వింది (నూటికి నూరు శాతం, వాచ్‌మన్‌తో కలిపి). నవ్వు ఆగాక ఆవిడ గంప పక్కన పెట్టి, "సరే, ఎలాగూ వచ్చేం, ఒకటడుగుతాం. మీరు కాలవలోకి నీళ్ళు వదుల్తారు చూడండి, చెప్పి వదలండి. చెప్పకుండా వదిలితే ఆ ఊపుకి కాలవలో కట్టిన మా వలలు కొట్టుకుపోతున్నాయి. ముందొక కేకేస్తే తీసుకుంటాం కదా!" అంది.

ఏమంటున్నారని మేడంగారు నావైపు తిరిగారు. "అంతా బాగుందంటున్నారని చెప్పు" అని సున్నాగారు గొణిగారు. పర్మినెంటు కాగితం, సామర్లకోట, రెండూ కళ్ళముందు ఆడాయి. చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ పెద్దక్క నా నోటివైపే చూస్తోంది. పైగా నా ఇంగ్లీషు నిజం చెప్పడానికే అంతంతమాత్రం, అబద్ధాన్ని మోసేంత బలం దానికెక్కడిది? రెండు చేతులూ ఊపుతూ, "వాటర్ కమింగ్ మేడం, నెట్ గోయింగ్. ఫస్ట్ టెల్లింగ్, దెన్ వాటర్" అనేశాను. నా చేతుల్ని చూసి పెద్దక్క, "అదే, అదే!" అంది. మేడంగారు నవ్వాపుకుని రాసుకున్నారు. ఫిర్యాదులు, ఒకటి.

సున్నాగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. సామర్లకోటవారికి ఏం చెప్పాలో నేను మనసులో వాక్యం కూర్చుకుంటున్నాను. వెళ్ళే ముందు మేడంగారే ఆయనతో, ఎక్కడికెళ్ళినా సున్నాలే చూపిస్తారనీ, ఈ ఏడాది తనకు నమ్మబుద్ధయిన అంకె ఇదొక్కటేననీ, వచ్చినది ఒకటి, తీర్చినది ఒకటి అని రాస్తే మీ నివేదికకు మంచి పేరొస్తుందనీ అన్నారు. "నేను మొదట్నించీ అదే చెప్తున్నాను మేడం!" అన్నారు సున్నాగారు.

వారం తిరక్కుండా నా కాగితం మీద సంతకం పడింది. అడుగున ఆయన సొంత చేత్తో ఒక వాక్యం చేర్చారు. 'నీళ్ళు వదులుటకు ముందు పేటకు ఫోను చేయవలెను.' పెళ్ళీ అయింది. నివేదికలో గంపల ఫొటో నిండు పేజీలో వచ్చింది, కింద సంప్రదాయ స్వాగతమని ఇంగ్లీషులో రాశారు. పెద్దక్కకు చూపిస్తే నెత్తి కొట్టుకుంది. "ఖాళీ గంప ఎదురొస్తే మావాళ్ళు వేటకే వెళ్ళరు బాబూ, అది స్వాగతమా!"

ఏళ్ళ తరబడి ఆ ఫోను నేనే చేశాను. కొత్త పెళ్ళికూతుర్ని బజారుకు తీసుకెళ్ళిన మొదటిరోజే చేపల వరసలోంచి కేక వినిపించింది. "నీళ్ళొదిలే బాబుగారూ! పండుగప్ప తాజాదుందండీ!" మా ఆవిడ ఆగిపోయింది. "దేనికి నీళ్ళొదిలేరండీ? పెళ్ళయి పట్టుమని పది రోజులు కాలేదు!" అంది. మొత్తం కథ చెబితే గానీ ఆవిడ అడుగు ముందుకు వేయలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో కూర్చుని నాలుగు కంపెనీలకు ఈ నివేదికలే రాస్తున్నాను. ఆ ఫ్యాక్టరీలో నీళ్ళు వదిలేముందు యంత్రమే పేటవాళ్ళ ఫోన్లకు మెసేజి పంపేస్తోందట, మనిషితో పని లేదట. మంచిదే. ఇప్పుడు నన్నందరూ సార్ అంటారు. అయినా ఆ వైపు వెళ్ళినప్పుడు బజార్లో చేపల వరస దగ్గర కొంచెం నెమ్మదిగా నడుస్తాను, ఎవరైనా పిలుస్తారేమోనని.