ఖలీల్ చాచా బొమ్మలో మంచు

మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైన మరుసటి వానాకాలంలో నేను ఇక్కడి ఒక ఫోటో స్టూడియోలో స్కానింగ్ విభాగానికి సీనియర్ ఆపరేటర్‌ను. విభాగమంటే నేను, ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్, రెండు కంప్యూటర్లు. రెండేళ్ల క్రితం ఆ పని మానేశాను. ఖలీల్ చాచాకు చూపు తగ్గడం వల్లే బొమ్మలు వేయడం ఆపేశారని పట్టణంలో ఇప్పటికీ అనుకుంటారు. ఆయన చూపుకు ఏమీ కాలేదు. జరిగింది వేరు.

చాచా ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఆ ఫ్లెక్సీల్లో సగం డిజైన్లు మా స్టూడియోలో తయారైనవే. ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నీటిరంగుల వైపు మళ్లారు. ఏడుపాయల గుడి దగ్గర మంజీర నదిని తెల్లవారుజామున మంచులో వేసిన బొమ్మను హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన కొన్నారు. చాచా దాని ప్రింట్లు తీసి అమ్ముకోవడానికి కూడా ఆయన ఒప్పుకున్నారు. చాచా కూతురు నస్రీన్ ఆరు రంగుల ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నది. ఈ ప్రింట్లు బాగా వస్తే అదే వరుసలో మరో ఐదు బొమ్మలు వేయాలని చాచా ఆలోచన. స్కాన్ తీసిన మర్నాడే కొన్నాయన బొమ్మను తీసుకుపోతారు. ఆ తర్వాత వాళ్ల చేతిలో మిగిలేది నేను తీసే స్కాన్ ఒక్కటే.

బొమ్మను స్కానర్ అద్దం మీద పెట్టేముందు చాచా మంచు వేసిన పైభాగం చూపించారు. "కాయిదం ఖాళీగ ఉందనుకోకు బేటా. గాడ రంగుంది. నీళ్లల్ల జరంత కలిపి మూడుమాట్ల పూసిన."

తల ఊపాను. స్కాన్ పద్ధతి ప్రకారమే తీశాను. అంగుళానికి ఆరు వందల చుక్కలు, స్కానర్‌లోని ఆటోమేటిక్ సవరణలన్నీ ఆపేసి. తప్పు ఆ తర్వాత చేశాను. మా దగ్గరికి రోజూ వచ్చేవి పాత భూముల పహాణీలు, మార్కుల మెమోలు. కాగితం పసుపు, మరకలు పోయి వెనక తెల్లగా కనిపించాలి. దానికి లెవెల్స్ అనే పట్టికలో తెలుపు గుర్తును కొంచెం లోపలికి జరుపుతాం. అలా జరిపితే లేత ఛాయలన్నీ శుద్ధ తెలుపైపోతాయి. ఏళ్ల అలవాటుతో చెయ్యి దానంతటదే జరిపింది. నా మానిటర్ వెలుగు ఎప్పుడూ పూర్తిగా పెంచి ఉండేది కాబట్టి తేడా కంటికి కనబడలేదు. అదే పేరుతో సేవ్ చేశాను. దాంతో అసలు స్కాన్ చెరిగిపోయింది. ఆ ఫైలే నస్రీన్‌కు ఇచ్చాను.

నాలుగో రోజు తండ్రీకూతుళ్లు ప్రింట్లు పట్టుకుని వచ్చారు. నది ఉంది, గుడి ఉంది. పైన మంచు ఉండాల్సిన చోట వట్టి కాగితం.

"అన్నా, టెస్ట్ ప్రింట్ తీసినం, ప్రింటర్ల సిరా నాజిల్ సూసినం, మ్యాట్ కాయిదం మార్చినం. గాడ సుక్క గూడ పడ్తలేదు," అన్నది నస్రీన్.

ఫైలు తెరిచి పైభాగం మీద కర్సర్ పెట్టాను. మూడు రంగుల విలువలూ రెండు వందల యాభై ఐదు. అంటే శుద్ధ తెలుపు, అక్కడ ప్రింటర్ పూయడానికి ఏమీ లేదు. ఒక్క చూపుతో నాకు అంతా అర్థమైంది.

చాచా నా కుర్చీ వెనక నిలబడ్డారు. "అసలు స్కాన్ తీయి, సూద్దాం."

"ఇదే అసలుది చాచా," అన్నాను.

ఆయన తెర దగ్గరికి వంగి పైభాగం చూశారు. ఆ కాసేపట్లో నస్రీన్ ఫైలు మార్చిన సమయం చూపించమంటే దొరికిపోయేవాణ్ణి. ఆమె అడగలేదు. నేనే ఇంకో మాట కలిపాను. "రంగు మరీ పల్చగ ఏసినట్టున్నవ్ చాచా. ఉన్నదే మెషిన్ సూపెడ్తది."

"మూడుమాట్ల పూసిన యాదికుంది," అన్నారాయన. తర్వాత నవ్వడానికి ప్రయత్నించారు. "బోర్డులు రాసినోన్ని. పెద్దక్షరాలకు అలవాటైన కండ్లు. ఖరాబైనయేమో."

ఆ క్షణంలో చెప్పి ఉంటే కొన్నాయనకు ఒక ఫోన్ చేసి, బొమ్మను తెప్పించి, గంటలో మళ్లీ స్కాన్ చేయగలిగేవాణ్ణి. చెప్పలేదు. సీనియర్‌నన్న పేరు పోతుందని భయపడ్డాను. మిగతా ఐదు బొమ్మలు మొదలే కాలేదు. కంటి దవాఖానకు వెళ్లారని, అద్దాలు మార్చారని, రంగులు ఎవరో పిల్లలకు ఇచ్చేశారని ఒక్కొక్కటీ నా చెవిన పడింది. ప్రతిసారీ వెళ్లి చెప్పాలనుకుని ఆగిపోయాను.

ఉద్యోగం మానేసిన వారానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. లెవెల్స్ సంగతి, అదే పేరుతో సేవ్ చేసిన సంగతి, ఆ రోజు ఆడిన అబద్ధం వరుసగా చెప్పాను. కొన్నాయన నంబరుకు ఫోన్ చేద్దామన్నాను. ఆ నంబరు ఎప్పటినుంచో పనిచేయడం లేదట.

నస్రీన్ లేచి నిలబడింది. "అబ్బాను రెండుమాట్ల దవాఖానకు తిప్పినం. గాళ్లు కండ్లు మంచిగున్నయంటే డాక్టర్లకు ఏం తెల్వదనుకున్నం. నీకు ఒక్కమాట చెప్పబుద్ధి కాలేదా అన్నా?"

చాచా అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అంటే గాడ రంగుండె?"

"ఉండె చాచా."

"మూడుమాట్లు?"

"మూడుమాట్ల పూసిందే. నేనే తీసేసిన."

"ఊఁ," అన్నారు. చాయ్ పెట్టమని కూతురికి చెప్పారు. ఆమె పెట్టలేదు. ఆయన మళ్లీ కుంచె పట్టారని ఈనాటి వరకు నేను వినలేదు.

ఇంట్లో బొమ్మలు ప్రింట్ చేసుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది కొంచెమే. మొదటి స్కాన్‌ను ముట్టుకోకుండా వేరేగా దాచండి. సవరణలన్నీ నకలు మీదే చేయండి. తెలుపు గుర్తు జరిపేముందు బొమ్మ వేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ కాగితం ఉందో ఎక్కడ రంగు ఉందో అడగండి. తప్పు జరిగితే అసలు బొమ్మ అందే దూరంలో ఉన్నప్పుడే చెప్పండి. నాకు నాలుగో రోజున అది ఒక్క ఫోన్ దూరంలో ఉండింది.