మడత పెట్టని పాటల పుస్తకం

అశోక్ నగర్‌లో ఇప్పటికీ ఏ జిరాక్స్ షాపు ముందు నుంచి నడిచినా, మెషిన్‌లోంచి అప్పుడే జారిన కాగితపు వేడి వాసన తగలగానే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. పక్కన చాయ్ మరుగుతుంటుంది, సర్కారు నౌకరీ పరీక్షలకు చదివేవాళ్లు నోట్సు కట్టలు చంకన పెట్టుకుని తోసుకుంటూ పోతుంటారు, నేను మాత్రం దారికి అడ్డంగా నిలబడి ఆ వాసన పీలుస్తుంటాను. ఎవరేమనుకుంటే నాకేం! ఆ వాసనలో మా మేనత్త డీటీపీ సెంటర్ ఉంది, మా నాయనమ్మ గొంతు ఉంది, తొమ్మిదో తరగతిలో నేను వెలగబెట్టిన ఘనకార్యం కూడా ఉంది.

తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి. మేము చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. నాన్న చెల్లెలు విజయత్తమ్మ అశోక్ నగర్‌లో ఒక్క షట్టర్ గది కిరాయికి తీసుకుని రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మెషిన్ పెట్టుకుని కోచింగ్ నోట్సులు, ప్రశ్నపత్రాలు, పెళ్లి పత్రికలు చేసిచ్చేది. వానాకాలం పోతూ పోతూ గోడలకు చెమ్మ వదిలేసేది కాబట్టి కాగితాల కట్టల్ని పసిపిల్లల్లా పాత దుప్పట్లో చుట్టి బెంచీ మీద పడుకోబెట్టేది. దసరా సెలవుల్లో మా గల్లీ పిల్లలంతా షటిల్, అష్టాచెమ్మా ఆడుకుంటుంటే నేను అత్తమ్మ వెంట పడి ఆ గదికి పోయేదాన్ని, ఎందుకంటే ఆటలో ఓడితే నాకు మండుకొచ్చేది, కంప్యూటర్ ముందు ఓడించేవాళ్లు ఎవరూ ఉండరనుకున్నాను.

కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు సర్దే పేజ్‌మేకర్‌ను అత్తమ్మ నాకు నేర్పిన తీరు ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. మొదటి మూడు రోజులు గీతలు, డబ్బాలు గియ్యడమే పని. తర్వాత కొత్త ఫైలు తెరిచి కాగితం కొలత చెప్పడం, నాలుగు పక్కలా మార్జిన్ వదలడం, పక్కనున్న స్కేలు మీంచి సన్నటి నీలం గీతల్ని పేజీలోకి లాక్కురావడం. గోడకు అంటించిన చార్టు చూసుకుంటూ తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వెతికి కొట్టేదాన్ని, ఒత్తులకు మాత్రం ప్రాణం తోకకొచ్చేది. కొట్టిన మ్యాటర్ కింద ఎర్ర బాణం గుర్తు కనబడితే ఇంకా కొంత లోపలే దాగి ఉన్నట్టు, దాని మీద నొక్కి పక్క పేజీలో వదిలితే మిగిలిన వాక్యాలు బిలబిలమంటూ వచ్చి పడేవి. ఆ మాయ చూసినప్పుడల్లా ఈ విద్య నా కోసమే పుట్టిందని గట్టిగా నమ్మేదాన్ని.

అత్తమ్మకు ఒక పద్ధతి ఉండేది. పుస్తకం ఎంత చిన్నదైనా సరే, ముందు తెల్లకాగితాలు మడిచి ఒకదాంట్లో ఒకటి దూర్చి, పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని పేజీ నంబర్లు వేసి, మళ్లీ విప్పి చూసేది. ఏ పేజీ పక్కన ఏ పేజీ రావాలో ఆ డమ్మీయే చెబుతుందనేది.

"ఫస్ట్ డమ్మీ చెయ్యి, గప్పుడు మౌస్ ముట్టు," అనేది రోజుకు పదిసార్లు.

కంప్యూటర్ ఉండగా కాగితం మడతలేంటని నాకు లోలోపల వెటకారం.

ఆ ఏడే నాయనమ్మ గొంతుకు ఆపరేషన్ అయింది. మా గల్లీ బతుకమ్మకు ఏళ్ల తరబడి పాట చెప్పే మనిషి ఆమే. ఆమె ఒక్క వరుస చెబితే చుట్టూ తిరిగే వాళ్లంతా చప్పట్లు కొడుతూ అందుకునేవారు, అంతేగానీ పాట మొత్తం ఎవరికీ రాదు. గొంతు పెంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈసారికి స్పీకర్ పెట్టి పాటలు వేసుకుందామని గల్లీలో అనుకుంటున్నారని తెలిసి నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

"మిషిని పాడ్తుంటే మనం తిరుగుడు ఏంది బిడ్డా," అంది, గుసగుసగా.

నేను ఉండబట్టలేకపోయాను. పాటలు నువ్వు చెప్పు, నేను పుస్తకం వేసి అందరికీ పంచుతాను, మన గల్లీలో మనమే పాడుకుందాం అని మాటిచ్చేశాను. వారం రోజులు మంచం పక్కన కూర్చుని ఆమె పెదాల దగ్గర చెవి పెట్టి ఎనిమిది పాటలు రాసుకున్నాను. ఒక్కో పాట రెండు పేజీలు, మొత్తం పదహారు. పొద్దున టైపు చేసింది సాయంత్రం చదివి వినిపిస్తే, ఏదైనా వరుస వదిలేశానేమో అని నాయనమ్మ కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకునేది.

సద్దుల బతుకమ్మ నాడు అత్తమ్మ పెళ్లి పత్రికల పని మీద నారాయణగూడ ప్రెస్సుకు పోయింది. పోతూ పోతూ డమ్మీ మరిచిపోకని చెప్పింది. సరేనని తల ఊపాను, చెయ్యలేదు. వరసగా ఒకటి, రెండు ఒకవైపు, మూడు, నాలుగు వెనకవైపు, అలా నాలుగు కాగితాల మీద పదహారు పేజీలు సర్దేశాను. యాభై కాపీలు తీసి, మడిచి, పిన్ను కొట్టి, ఆ వెచ్చటి కట్టను గుండెకు హత్తుకుని ఇంటికి నడుస్తుంటే నా అంత గొప్పది లేదనిపించింది.

గల్లీ అప్పటికే ఘుమఘుమలాడుతోంది. అమ్మ నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర గిన్నెల్లో సర్ది రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతోంది, నాయనమ్మ రంగులద్దిన గునుగు, తంగేడు, బంతి పూల వరసలు పేర్చి పైన పసుపు గౌరమ్మను కూర్చోబెడుతోంది. గుంటూరు నుంచి వచ్చి మా ఎదురింట్లో స్థిరపడ్డ శారద ఆంటీ అందరికంటే ముందు పుస్తకం అందుకుని రాగం తీసింది. పేజీ తిప్పింది. ఆగింది.

"ఏంటమ్మా ఇది? రెండో పేజీ మొదట్లో ఉంది, మూడు పక్కన ఆరు వచ్చింది. ఒకటో పేజీ ఎక్కడ?"

ఒకటో పేజీ వెనక అట్ట స్థానంలో ఉంది. యాభై పుస్తకాల్లోనూ అంతే. ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని గల్లీలోకి వచ్చేస్తున్నారు, మళ్లీ వేసే టైము లేదు. ఎవరో "స్పీకరే తెప్పిద్దాం తియ్యి" అన్నారు. నాయనమ్మ నావైపు చూసింది. తిట్టినా బాగుండేది, ఆ చూపుకు నేను గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పుడే అత్తమ్మ ఆటో దిగింది. పుస్తకం తిరగేసి ఒక్కటే అడిగింది.

"డమ్మీ చేసినవా?"

అత్తమ్మ మెట్టు మీద కూలబడి, గోటితో పిన్ను పీకి, కాగితాలు విప్పి పరిచింది. "చూడుర్రి, విప్పితే సక్కగనే ఉన్నది. ముందట ఒక పాట, వెనుక ఒక పాట. మలిస్తెనే ఆగమైతున్నది."

"నాలుగు కాయిదాలు పట్టుకుంటే చప్పట్లు ఎవరు కొడ్తరు?" అన్నారెవరో. నాయనమ్మ లేచి వచ్చింది. నాలుగు వేళ్లు చూపించి, ఆడవాళ్లను భుజాలు పట్టుకుని నాలుగు గుంపులుగా నిలబెట్టింది. గుంపుకు ఒక్క కాగితం, రెండు పాటలు. గుంపులో ఒకరు చదవాలి, మిగతా గల్లీ అంతా అందుకోవాలి. రెండో కాగితం శారద ఆంటీకి వచ్చింది, మూడోది నాకు. నా వంతు వచ్చినప్పుడు కాగితం రెండు చేతులా పట్టుకుని చివరిదాకా చదివాను. నాయనమ్మ కుర్చీలో కూర్చుని, చప్పుడు రాకుండా పెదాలు కదుపుతూ ఎనిమిది పాటలూ మాతోపాటు పాడింది.

మరుసటి ఏడు పుస్తకం సరిగ్గా వేస్తానంటే ఆమె వద్దంది. ఎవరి కాగితం వాళ్లదే అయింది. నాలుగేళ్లు తిరిగేసరికి కాగితాలు చిరిగిపోయాయి, పాటలు మాత్రం నోటికొచ్చేశాయి, ఎవరి రెండు వాళ్లకు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. అత్తమ్మ షట్టర్‌లో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. పేజ్‌మేకర్ తెరిచేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు, అప్పటి ఫైలు నా కంప్యూటర్‌లో తెరుచుకోదు. పుస్తకాలకు పేజీలు పెట్టడమే నా ఉద్యోగం, ఒక్క బటన్ నొక్కితే పేజీలు వాటంతట అవే తమ చోట్లలో కూర్చుంటాయి. అయినా ప్రతి పుస్తకానికీ ముందు డమ్మీ మడుస్తాను, ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటే నవ్వుకోనీ.

మొన్న సద్దుల నాడు మా చిక్కడపల్లి గల్లీలోకి కొత్తగా వచ్చిన ఒకామె, "అక్కా, గిదే నీ పనంట కదా, ఆ ఎనిమిది పాటలు ఒక పుస్తకం చెయ్యరాదు? ఎవరింట్ల వాళ్లు పాడుకుంటరు," అంది. చెయ్యనన్నాను. ఎందుకని మళ్లీ అడిగేలోపే గల్లీ మొదట్లో శారద ఆంటీ కనబడింది. ఇల్లు ఖాళీ చేసి మియాపూర్‌కు పోయి ఎన్నో ఏళ్లయింది, మోకాళ్ల నొప్పులు, మెట్రోలో గంట ప్రయాణం. చేతిలో బతుకమ్మ, చంకకు సంచి.

"నేను రాకుండానే మొదలుపెట్టేశారా ఏంటి?" అంది దూరం నుంచే.

"ఎట్ల పెడ్తం ఆంటీ," అన్నాను, "రెండు పాటలు నీ దగ్గరనే ఉన్నయి కదా."